ఆ రోజు నేను పట్టని నీళ్ళు

దెయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. హాస్టల్లో అందరూ లైట్లాపి దెయ్యాల కథలు చెప్పుకుంటుంటే నేను సగంలోనే నిద్రపోయేదాన్ని. మైక్రోబయాలజీతో బీఎస్సీ చేశాను. పెళ్ళయ్యాక రెండేళ్ళు ఒక ల్యాబ్‌లో పనిచేశాను. కంటికి కనపడనివి చాలా ఉంటాయని నాకు తెలుసు. కానీ అవి మైక్రోస్కోపు కింద పెడితే కనపడాలి. నా నమ్మకం అంతవరకే.

ఇది దెయ్యం సంగతి కూడా కాదు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కనపడలేదు. ఏ తలుపూ దానంతటది తెరుచుకోలేదు. జరిగినవాటిలో దేనికి దానికి విడిగా కారణం చెప్పొచ్చు, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్కటీ మా పాప కుడిచేతి ఉంగరపు వేలి కొన.

పాప ఇప్పుడు నిద్రపోతోంది. మా ఆయన పోర్టులో నైట్ షిఫ్టుకి వెళ్ళారు. ఈ సాయంత్రం నేనొక పని చేశాను. అది మంచో చెడో పొద్దున్నకి గానీ తెలియదు. ఎలాగూ నిద్ర పట్టదు కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను. పాప పేరు రాయను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను.

మేముండేది కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గర్లో. పైన మా వాటా. కింద వెనక గదిలో నరసమ్మ మామ్మ, ఆవిడ కూతురు లక్ష్మక్క ఉండేవాళ్ళు. లక్ష్మక్క ద్వారకా నగర్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున్న వెళ్తే రాత్రికి గానీ రాదు. పగలంతా మామ్మ ఒక్కతే.

మామ్మకి డెబ్బై దాటాయి. తగరపువలస వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు అక్కడి గోనెసంచుల మిల్లులో పనిచేసింది. మా అత్తగారి ఊరు కూడా అటే అని తెలిసిన రోజునుంచి నన్ను ‘కోడలా’ అనే పిలిచేది. కుడిచేతి ఉంగరపు వేలికి పై కణుపు ఉండేది కాదు. ఏమైందని అడిగితే నవ్వేసేది.

“మా మిల్లు నా ఏలు తినీసినాది. అయినా ఆకలి తీరనేదు. మరి కొన్నాళ్ళకి అదే మూతబడిపోనాది.”

రోజూ సాయంత్రం నాలుగింటికి మామ్మ మెట్ల కింది మెట్టు మీద తూర్పుకి తిరిగి కూర్చుని జపం చేసేది. జపమాల వాడేది కాదు. బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు తాకుతూ లెక్కపెట్టుకునేది. ఉంగరపు వేలి మధ్య కణుపుతో మొదలుపెట్టి, కిందికి దిగి, చిటికెన వేలి మీదుగా పైకెక్కి, చూపుడు వేలి అడుగుకి వస్తే ఒక చుట్టు. మామూలుగా ఈ చుట్టుకి పది కణుపులు. మామ్మకి ఒకటి లేదు కాబట్టి తొమ్మిదే. అలా పన్నెండు చుట్లు తిరిగితే నూటెనిమిది అని ఆవిడే చెప్పింది.

మంత్రమేమిటో ఎవరికీ తెలియదు, లక్ష్మక్కకి కూడా. సింహాచలం కొండ దగ్గర ఎవరో గురువు చెవిలో చెప్పాడట. బయటికి అనకూడదు. పెదవి కదలకూడదు, నాలుక కూడా కదలకూడదు. దాదాపు ఏడాది నేను పై మెట్ల మీంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ మొహంలో ఏదీ కదిలేది కాదు, బొటనవేలు తప్ప.

ఒకసారి వేళాకోళంగా అడిగాను. నోటితో అనకపోతే దేవుడికి ఎలా వినపడుతుంది మామ్మా అని.

“నీ కూతురికి ఆకలేసినాదని నీకెలగ తెలస్తంది? అది నోటితో సెప్పిందేటి?” అంది.

ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మా పాపకి రెండేళ్ళ ఎనిమిది నెలలొచ్చినా ఒక్క మాట రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. చెవి పరీక్ష చేయించాం, బాగానే ఉంది. పిలిస్తే చూస్తుంది, చెప్పింది చేస్తుంది. కావాల్సిందానికి వేలు చూపించి ఊరుకుంటుంది. వారానికి రెండుసార్లు ద్వారకా నగర్‌లో స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళేదాన్ని. అక్కడి మేడం ఒక చిట్కా చెప్పింది. పాపకి కావాల్సినవి కళ్ళెదురుగా పెట్టకండి, నీళ్ళ గ్లాసు కూడా కనపడకుండా దాచండి, అప్పుడు నోరు తెరిచి అడగాల్సిన అవసరం వస్తుంది అని. నేను దాచేదాన్ని. పాప వెతికేది. దొరక్కపోతే నా మొహంలోకి చూసి, చెయ్యి చాపి, అలాగే నిలబడేది. చివరికి నేనే తీసిచ్చేసేదాన్ని.

నాలుగయ్యేసరికి మాత్రం మెట్లు దిగి వెళ్ళి మామ్మ ఒళ్ళో కూర్చునేది. జపం అయ్యేదాకా కదిలేది కాదు. ఆ అరగంటే నాకు ఖాళీ. నిజం చెప్పాలంటే ఆవిడ జపానికి నేనిచ్చిన విలువ అంతే.

ఒకరోజు మా అత్తగారు వచ్చారు. సాయంత్రం తిరిగి వెళ్తూ మెట్ల మీద ఆగి, పాప కోసం డాక్టర్ల చుట్టూ తిరగడం దండగ అన్నారు. ఇది కర్మ అట. నాకు అప్పటికే చాలా విసుగ్గా ఉంది. ఏం కర్మ అని గట్టిగానే అడిగాను.

“నువ్వు సేసుకున్నదో, అది సేసుకున్నదో. ఏ జన్మల ఎవలి నోరు మూసీసినారో. ఈ జన్మల దాని నోరు పెగలటం నేదు,” అన్నారు.

కింద మామ్మ జపంలో ఉంది. పాప ఆవిడ ఒళ్ళో ఉంది. మామ్మ బొటనవేలు ఆగిపోవడం నేను చూశాను. జపం మధ్యలో అది ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. అత్తగారు గేటు దాటాక కూడా ఆవిడ అలాగే కూర్చుంది. తర్వాత పాపని దింపి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అత్తగారి మాటకి నొచ్చుకుందేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పదకొండు గంటలప్పుడు మామ్మ మా వాటాకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ మెట్లెక్కేది కాదు. చేతిలో రాగి చెంబు. తలస్నానం చేసినట్టుంది, జుట్టు ఇంకా తడిగా ఉంది.

ఆ సమయంలో నేను థెరపీ క్లినిక్‌తో ఫోన్లో ఉన్నాను. టైము మార్చమని అడుగుతున్నాను. కుడిచేతిలో ఫోను. ఎడమచేత్తో పాప మణికట్టు పట్టుకున్నాను, స్టవ్ దగ్గరికి వెళ్ళకుండా.

“కోడలా, సెయ్యి పట్టు. కుడిసెయ్యి,” అంది మామ్మ.

ఒక్క నిమిషం అని సైగ చేశాను. ఆవిడ ఆగలేదు. ఆగితే మళ్ళీ చెయ్యలేనన్నట్టు తొందరపడుతోంది.

“నలపై ఏళ్ళు పైబడిన జపం. ఆ ఫలం నీ బిడ్డకి ధారపోసెత్తన్నాను. పట్టు.”

దానం ఇచ్చేటప్పుడు నీళ్ళు ధారపోస్తారని నాకు తెలుసు. మా పెళ్ళిలోనూ పోశారు. కానీ జపఫలం కూడా అలా ఇచ్చేస్తారని తెలియదు. తెలిసినా నమ్మేదాన్ని కాదు. ఆవిడ అప్పటికే చెంబు వంచేస్తోంది, నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి. ఫోన్లో అమ్మాయి గురువారమా శుక్రవారమా అని అడుగుతోంది. ఏదో పెద్దావిడ ముచ్చట, తొందరగా అయిపోతే చాలనుకున్నాను. ఫోన్ కింద పెట్టలేదు. ఎడమచేత్తో పాప కుడిచేతిని ముందుకి లాగి, అరచెయ్యి తెరిచి పట్టాను.

మామ్మ ఆగింది. పాప చేతిని చూసింది. నన్ను చూసింది. ఏదో అంది కూడా. నేను శుక్రవారం అని ఫోన్లో చెబుతున్నాను.

ఆవిడ పోసేసింది. పాప నవ్వి, చెయ్యి నాకేసింది.

ఆరో రోజు పొద్దున్న పాప మంచం మీద లేచి కూర్చుని “నీళ్ళు” అంది.

అంత స్పష్టంగా ఎలా వచ్చిందో తెలియదు. నేను గ్లాసు ఇవ్వకుండా ఏడుస్తూ కూర్చుంటే మళ్ళీ అంది, “అమ్మా, నీళ్ళు.” మా ఆయన షిఫ్టు నుంచి రాగానే కిలో మైసూర్‌పాక్ తెచ్చి వీధంతా పంచారు. సాయంత్రం నేను ఒక ముక్క తీసుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. నాలుగు దాటింది. ఆవిడ మెట్టు మీదే ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. బొటనవేలు కదలడం లేదు. జపం లేదా అని అడిగాను.

“ఇంకేటి సేత్తాను? ఇచ్చీసినాను కదా,” అని నవ్వి మైసూర్‌పాక్ నోట్లో వేసుకుంది.

ఆ తర్వాత రెండో రోజున మామ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది.

డాక్టర్లు చెప్పిన కారణం సూటిగానే ఉంది. బీపీ మాత్రలు మానేసి చాలా నెలలైంది. పాప గురించి థెరపీ మేడం చెప్పింది కూడా సూటిగానే ఉంది. ఇలాంటి పిల్లలు ఒక్కోసారి హఠాత్తుగా మొదలుపెడతారు, మీరు పడ్డ కష్టమే ఇది అంది. రెండూ నేను నమ్మాను. ఇప్పటికీ కాదనలేను.

పాప మాటలు మాత్రం వరదలా వచ్చాయి. వారం రోజుల్లోనే వాక్యాలు మాట్లాడేది. కిటికీ గట్టు మీద పేరుకున్న పోర్టు బొగ్గుపొడి వేలితో తీసి, “అమ్మా, ఇదెవలు పోసారు?” అని అడిగేది. గూడ్సు బండి వెళ్తుంటే పెట్టెలకి టాటా చెప్పేది, ఒక్కో పెట్టెకీ విడిగా. నేను పని మానేసి ఆ గొంతు వింటూ నిలబడేదాన్ని.

మామ్మ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. అయినా పాప నాలుగింటికి మెట్లు దిగడం మానలేదు. మామ్మ కూర్చునే చోటే, తూర్పుకి తిరిగి కూర్చునేది. చిన్న బొటనవేలు కణుపుల మీద తిరిగేది. నాకు ముద్దొచ్చి వీడియో తీసి మా ఆయనకి పంపాను. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

పది రోజుల తర్వాత మామ్మని ఇంటికి పంపేశారు. లక్ష్మక్క ఆ రోజు సెలవు పెట్టింది. ఏదో మందు తేవాలని, కాసేపు కూర్చోమని నన్ను పిలిచింది. పాపని కూడా తీసుకెళ్ళాను. మామ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు కదులుతున్నాయి, పాపని గుర్తుపట్టి ఎడమ చెయ్యి ఎత్తింది. పాప మంచమెక్కి పక్కన కూర్చుంది. నేను గోడ గడియారం వైపు చూడలేదు, కానీ బయట ఎండ మెట్ల దాకా వచ్చింది, అంటే నాలుగు అయి ఉంటుంది.

పాప బొటనవేలు ఉంగరపు వేలి మీద పెట్టింది. తర్వాత నోరు తెరిచి మెల్లగా అనడం మొదలుపెట్టింది.

ఆ మాటలు నాకు అర్థం కాలేదు. నాలుగైదు మాటలు, చివర ఒకేలా విరుగుతూ, మళ్ళీ మళ్ళీ. పాట కాదు, మేం నేర్పిన పద్యం కాదు. అవేమిటో ఇక్కడ రాయను.

మామ్మ మొహం చూశాను. అలాంటి భయం మనిషి మొహంలో నేను ల్యాబ్‌లో రిపోర్టులు తీసుకునేవాళ్ళ దగ్గర కూడా చూడలేదు. ఆవిడ ఎడమచేత్తో పాప నోరు మూసేసింది, గట్టిగా. పాప బుగ్గల మీద వేళ్ళు దిగాయి. నేను లాగేసుకుంటే పాప ఏడవలేదు. నా భుజం మీదనుంచి కూడా అంటూనే ఉంది.

మామ్మ నా కుడిచెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తెరిచింది. తన చేతిని చెంబులా వంచి, నా అరచేతి మీద ఒంపింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. నోట్లోంచి ప, ప అని తప్ప ఏమీ రాలేదు. పాప నోరు మూసిందన్న కోపంలో ఉన్నాను నేను. చెయ్యి విదిలించుకుని పైకి వచ్చేశాను.

మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. పన్నెండు రోజుల తర్వాత పోయింది.

మా ఆయనకి చెబితే తేలిగ్గా తీసేశారు. “రోజూ ఆవిడ ఒళ్ళోనే కూకునీది కదా, వినుంటాది. నువ్వు ఊరికే బుర్ర పాడుసేసుకుంటన్నావ్,” అన్నారు. అయ్యుండొచ్చు. నాకు కనపడకుండా ఆవిడ ఎప్పుడైనా గొణుక్కుందేమో. ఆ మాటలు మామ్మ మంత్రమేనని నేను రుజువు చెయ్యలేను. ఆవిడ భయం ఒక్కటే నా దగ్గరున్న రుజువు.

వేలి సంగతి ఆ తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం పాప పక్కన మెట్టు మీద కూర్చుని చూశాను. చుట్టుకి తొమ్మిదే లెక్కపెడుతోంది. చిటికెన వేలి కొసనుంచి ఉంగరపు వేలు దాటేసి నడిమి వేలికి వెళ్తోంది. మామ్మని చూసి నేర్చుకుంది కాబట్టి అలాగే చేస్తుంది, అందులో వింత లేదు. నేను దాని బొటనవేలు పట్టుకుని, ఉంగరపు వేలి కొన మీద పెట్టి, ఇది వదిలేశావు అన్నాను.

“అది లేదమ్మా,” అంది.

ఉంది కదా అని ఆ కొన నొక్కాను. ఏమీ అనలేదు. గిల్లాను. పాప రైలు వైపు చూస్తోంది.

ఆ రాత్రి నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. ల్యాబ్ రోజులనాటి లాన్సెట్లు, అంటే రక్తం తీయడానికి వేలు పొడిచే సూదులు, ఇంట్లో కొన్ని మిగిలాయి. స్పిరిట్‌తో తుడిచి ముందు చిటికెన వేలు పొడిచాను. పాప కెవ్వుమని ఏడ్చింది. ఏడుపు ఆగేదాకా ఎత్తుకుని తిప్పి, బిస్కెట్ చేతిలో పెట్టి, ఉంగరపు వేలి కొన పొడిచాను. రక్తం చుక్క వచ్చింది. పాప బిస్కెట్ తింటూనే ఉంది. నేనెందుకు ఏడుస్తున్నానో అని నా మొహం చూసింది.

నరాల డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. నరంలో లోపం లేదన్నాడు. ఈ వయసులో పిల్లల జవాబులు నమ్మడానికి ఉండదని, ఆరు నెలలాగి రమ్మని పంపించేశాడు.

మామ్మ సంగతి లక్ష్మక్క చెప్పింది. దినకర్మలయ్యాక నేను పెరుగన్నం పట్టుకెళ్తే, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. లక్ష్మక్కకి ముందు మామ్మకి ఒక మగపిల్లాడు. తొమ్మిది నెలలవాడు. మిల్లుకి పోయే ఆడవాళ్ళు పసిపిల్లలు ఏడవకుండా పడుకోవాలని ఆవగింజంత నల్లమందు నాలిక్కి రాసి పోయేవారట. మామ్మ కూడా అలాగే చేసేది. ఒకరోజు పిల్లాడు ఎంతకీ ఏడుపాపలేదు. మిల్లు కూత వేసేసింది. ఇంకొంచెం రాసింది. సాయంత్రం వచ్చేసరికి వాడు లేడు.

“ఉంగరపేలితో రాసిందంట, సెల్లీ. ఆ నెలలోనే మిసన్ల పడి ఆ ఏలే తెగిపోనాది. ‘నా సేతుల్తో ఆడి నోరు మూసీసినాను’ అని బతికున్నంత కాలం అనీది. ఆ పాపం పోడానికే జపం,” అంది లక్ష్మక్క.

ఎంత జపం చేస్తే పోతుందని గురువుని అడిగిందట మామ్మ. పోయిన రోజు నీకే తెలుస్తుంది అన్నాడట ఆయన. ఆ రోజు వచ్చిందని మామ్మ ఎప్పుడూ చెప్పలేదు.

నేను పెరుగన్నం గిన్నె తెచ్చుకోవడం కూడా మర్చిపోయి పైకి వచ్చేశాను. మా అత్తగారి మాటకి మామ్మ బొటనవేలు ఎందుకాగిందో అప్పుడు అర్థమైంది. ఎవరి నోరు మూశారో అని అత్తగారు అన్నది నన్ను, నా కూతుర్ని. విన్నది మామ్మ.

ఆ వారమే మా వీధి గుడి పంతులు గారిని అడిగాను, ఎవరి విషయమో చెప్పకుండా. జపఫలం ధారపోయడం ఉందన్నారు. చిన్నపిల్లలకైతే పిల్లల తరఫున తల్లి చెయ్యి పట్టాలట. పసివాళ్ళ చేతిలో నేరుగా పోయరట. పోస్తే ఏమవుతుందని అడిగాను.

“తల్లి పడితే మంచి వరకు బిడ్డకి చేరి, మిగతాది తల్లి దగ్గర ఆగుతుందని మా పెద్దలు అనేవారమ్మా. బిడ్డే పడితే ఆగడానికి మధ్యలో ఎవరున్నారు? అలా అనేవారు. నేను చూసింది కాదు,” అన్నారు.

వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. బిడ్డ చేత నా కుడిచేతిలో ధార పోయించుకోవచ్చన్నారు. కాకపోతే ఇచ్చినదంతా వస్తుందట. ఇది ఉంచుకో, అది ఇచ్చెయ్ అని ఏరుకోవడం కుదరదట.

ఇచ్చినదంతా అంటే మాట కూడానా? అడగడానికి నాకు నోరు రాలేదు.

మూడు నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇంతలో పాప వచ్చి ఏదో ఒకటి అడిగేది, చేపలకి చలెయ్యదా అనో, నాన్న పోర్టులో పడుకుంటాడా అనో. నేను నీళ్ళు సింకులో పారబోసేదాన్ని. చదువుకున్నదాన్ని, ఇదంతా నమ్ముతున్నానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నమ్మకపోతే పోయించుకోవడానికి భయమెందుకు?

ఈ రోజు మధ్యాహ్నం వంటింట్లో చారు పోపు పెడుతున్నాను. పాప వెనక నిలబడి కబుర్లు చెబుతోంది. వీధిలో కుక్క పిల్లలు పెట్టింది, నాలుగు, ఒకటి తెల్లది. నాకు ఏదో కాలిన వాసన వచ్చింది. పోపు మాడిందేమో అని చూశాను, మాడలేదు. వెనక్కి తిరిగాను. అప్పుడే దింపిన కుక్కరుకి పాప ఉంగరపు వేలు ఆనించి ఉంది. తెల్ల కుక్కపిల్ల గురించి చెబుతూనే ఉంది.

బఠాణీ గింజంత బొబ్బ లేచింది. మందు రాసి కట్టు కట్టాను. పాప ఒక్కసారి కూడా ఏడవలేదు.

నాలుగింటికి పాప మెట్లు దిగలేదు. మామ్మ పోయినప్పటినుంచి దిగకపోవడం ఇదే మొదటిసారి. నేను మంచం మీద కూర్చుని, కాలిన గాయాలకి ఏ ఆసుపత్రి మంచిదో ఫోన్లో వెతుకుతున్నాను. పాప వంటింట్లోంచి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చింది, రెండు చేతులతో, తొణక్కుండా. నా ముందు నిలబడింది.

“కోడలా, సెయ్యి పట్టు,” అంది.

మామ్మ నన్ను అలా పిలవడం పాప వందసార్లు విని ఉంటుంది. ఆ రోజు మామ్మ చెంబుతో వచ్చినప్పుడు కూడా పాప అక్కడే ఉంది. పిల్లలు విన్నది గుర్తుపెట్టుకుంటారు. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తట్టాయి.

నా కుడిచేతిలో ఫోను ఉంది, ఆ రోజులాగే. మంచం మీద పడేశాను. చెయ్యి చాపాను.

పాప పోసింది. మూడేళ్ళ పిల్లలు నీళ్ళు పోస్తే ఒలికిపోతాయి. ఇది సన్నటి ధార, ఎక్కడా తెగలేదు. అరచెయ్యి నిండి వేళ్ళ సందుల్లోంచి ఒళ్ళోకి కారింది. గ్లాసు ఖాళీ అయ్యాక పాప “అయిపోనాది” అంది. ఆవలించింది. నా పక్కనే పడుకుని నిద్రపోయింది.

అప్పుడు నాలుగుంపావు. ఇప్పుడు తెల్లవారుజాము మూడు దాటింది. మధ్యలో లేవలేదు. అన్నం తినలేదు. జ్వరం లేదు, ఊపిరి బాగానే తీస్తోంది, పక్కకి తిప్పితే తిరుగుతోంది. అరగంటకోసారి చూస్తున్నాను. మా ఆయనకి ఫోన్ చేసి పాప పడుకుందని మాత్రం చెప్పాను.

ఇది చదివినవాళ్ళు ఎవరైనా దీనికి కారణం చెబితే వింటాను. నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఉంటారు. కానీ మంచం మీద పాప చెయ్యి నా పక్కనే ఉంది. కట్టు విప్పి ఆ కొన మెల్లగా నొక్కితే సగం సంగతి ఇప్పుడే తెలిసిపోతుంది. నొక్కలేదు. ఇదంతా చూపుడు వేలితో టైప్ చేశాను. నా ఉంగరపు వేలి కొన దేనికీ తగలనివ్వలేదు. దాన్నీ నొక్కి చూడలేదు.

పాప ఆరింటికి లేస్తుంది. లేవగానే ముందు అడిగేది నీళ్ళే. గ్లాసు నింపి మంచం కింద, కనపడకుండా దాచాను. కనపడితే వేలు చూపించి ఊరుకుంటుందేమో. కనపడకపోతే నోరు తెరిచి అడగాలి.